తలకిందుల మేకపిల్ల

పాత పుస్తకాల పనిలోకి వస్తామంటూ ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు మదనపల్లెలో నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అందరూ అడిగింది ఒకటే. "అక్కా, ఇది ఫస్ట్ ఎడిషనని యెట్ల కనుక్కునేది?" అది తెలిస్తే చాలు, పని వచ్చేసినట్టేనని వాళ్ల ధీమా. వంట నేర్పమని వచ్చి ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం అడిగినట్టుంది. కాఫీ ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి పంపించాను గానీ, తర్వాత మనసు ఊరుకోలేదు. అంగడి మూసి ఇంట్లో కూర్చున్నదాన్ని, నాకిప్పుడు తొందరేముంది? తీరిగ్గా రాద్దామనిపించింది.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. మా అమ్మకే చివరిదాకా అర్థం కాలేదు. "మా పాప పాత పేపర్లు కొంటాది" అని వీధంతా చెప్పుకునేది. నేను కొన్నది పాత పేపర్లు కాదు. మా తాతల కాలంలో, అమ్మల కాలంలో చిన్న చిన్న ప్రెస్సులు వేసిన పిల్లల బొమ్మల పుస్తకాలు, అందులోనూ మొదటిసారి అచ్చయిన ప్రతులు. ఇళ్లల్లో వెతికి, వాటిని దాచుకునేవాళ్లకు చేర్చడం నా పని. పెద్దవాళ్ల పుస్తకాలు దొరకడం కష్టం కాదు, ఎందుకంటే చాలామంది వాటిని చదవకుండా బీరువాలో పెడతారు. పిల్లల పుస్తకం అట్లా కాదు. దాన్ని నములుతారు, దానిమీద పడుకుంటారు, రాజుగారికి మీసాలు గీస్తారు, వానొస్తే పడవలు చేస్తారు. ఇన్ని గండాలు దాటి మిగిలిన ప్రతి చేతిలోకి వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నాగరాజప్ప దగ్గర

నాకు పని నేర్పింది నాగరాజప్ప. మదనపల్లెలో పాత పుస్తకాల అంగడి ఆయనది. అంగడంటే పెద్దగా ఊహించుకోకండి. మార్కెట్టు నుంచి తెచ్చిన టమాటా బాక్సులు వరసగా పేర్చి, వాటిలో పుస్తకాలు నిలబెట్టేవాడు. కొన్నాళ్లకు కవిత్వమంతా టమాటా వాసన వేసేది. అడిగితే, "సదివేవాడికి ఆకలేస్తాది, మంచిదే కదమ్మా" అనేవాడు.

మంచి మనిషే గానీ, ఆయనతో ఊళ్లకు పోతే నా తల ప్రాణం తోకకొచ్చేది. ఎవరింట్లోనైనా పిల్లల పుస్తకం చేతికిస్తే చాలు, అరుగుమీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టేవాడు. ఆ ఇంటివాళ్లు పొలానికి పోవాలి, నాకు బస్సు పోతుంది, ఈయనేమో కుందేలు ఎట్లా తప్పించుకుందోనని కంగారు పడుతుంటాడు. "అప్పా, కొనడానికొచ్చినామా, సదవడానికొచ్చినామా?" అని గొంతు చించుకునేదాన్ని. "సదవకుండా యెట్ల కొనేదమ్మా?" అనేవాడు చల్లగా.

నా పద్ధతి వేరు. అట్ట చూస్తాను, మొదటి పేజీ చూస్తాను, వెల అణాల్లో ఉందా నయాపైసల్లో ఉందా చూస్తాను, చివరి అట్టమీద ప్రకటన చూస్తాను, బొమ్మలు లెక్కపెట్టుకుంటాను. అయిపోయింది. మా చిన్న ప్రెస్సులు 'మొదటి ముద్రణ' అని వేసిన పాపాన పోలేదు కాబట్టి ఇట్లాంటి ఆనవాళ్లే మనకు దిక్కు. అందుకని ఆనవాళ్లు నేర్చుకోండి, తప్పదు. అవే చాలని మాత్రం అనుకోకండి. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఇంటికెళ్లి ఏమడగాలి

"పాత పుస్తకాలు ఉండాయా?" అని అడిగితే మీ పని అయిపోయినట్టే. వాళ్లు మిమ్మల్ని పాత సామాన్లవాళ్ల కింద జమకట్టి, చిరిగిన గైడ్లూ బీరు సీసాలూ తెచ్చి ముందు పోస్తారు. పైగా తూకంలో మోసం చేస్తారేమోనని కళ్లు మీమీదే పెట్టుకుంటారు.

నాగరాజప్ప అట్లా అడిగేవాడు కాదు. మంచినీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, "ఈ ఇంట్లో చిన్నప్పుడు అందరికన్నా బాగా సదివేది యెవురప్పా?" అనేవాడు. ఇక చూడాలి ఆ ఇంటి గొడవ! అన్న నేనంటాడు, తమ్ముడు "నువ్వా? నీ లెక్కలన్నీ నేనే చేసినా" అంటాడు, వంటింట్లోంచి మేనత్త గరిటతో సహా వస్తుంది. ఎవరు గెలిచినా సాక్ష్యం చూపించాలి కదా, అటక మీద నుంచి ట్రంకు పెట్టె దిగుతుంది. మనం నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

ప్రేమతో చేసే పాడు

చెదలకన్నా ఎక్కువ పుస్తకాలను పాడుచేసింది ప్రేమ. ఈ మాట రాసి గోడకు పెట్టుకోండి. చిరిగిన చోట టేపు వేస్తారు, అది పదేళ్లకు గోధుమరంగు తిరిగి కాగితాన్ని తినేస్తుంది. గట్టిగా ఉండాలని బైండింగుకిస్తారు, ఆ బైండింగాయన బొమ్మల అట్టను పీకి పారేసి నీలం కాలికో గుడ్డ వేస్తాడు, నాలుగు పక్కలా కత్తిరించి ఏనుగు తొండం కూడా తీసేస్తాడు. అడిగితే "నీటుగా ఉండాది కదక్కా" అంటారు. ఏమని తిడతాం?

ఆయుధ పూజకు పెట్టే పసుపు కుంకుమ సంగతి వేరు. మా వైపు ఇళ్లల్లో కత్తీ కొడవలీ స్కూటరుతోపాటు పుస్తకాలకూ బొట్టు పెడతారు. ఆ రోజు వాటిని ముట్టుకోనివ్వరు. బెంగుళూరు నుంచి నా దగ్గర కొనే డాక్టరుగారు ఒకరుండేవారు. రిటైరైనాయన, చేతికి తెల్లటి తొడుగులు వేసుకుని గానీ పుస్తకం పట్టుకోరు. "బొట్టు తుడిచెయ్యండి, మరక లేనిదే కావాలి" అనేవారు. తుడవనని చెప్పాను. పూజలో కూర్చున్న పుస్తకమంటే ఆ ఇంట్లో దానికి ఎంత మర్యాద ఉందో అని అర్థం. అట్లాంటి దాన్ని సబ్బు పెట్టి తోమడానికి నాకు చేతులు రావు. ఆయన అలిగేవారు, మళ్లీ నెలకు ఫోన్ చేసేవారు. ఇట్లాంటి కొనుగోలుదారు దొరికితే వదులుకోకండి, చికాకు పెట్టినా పుస్తకాన్ని పసిపిల్లలా చూసుకుంటారు.

పుంగనూరులో కత్తెర పడింది

ఇప్పుడు మేకపిల్ల దగ్గరికొద్దాం. పుంగనూరులో ఎప్పుడో మూతపడిన ఒక చిన్న ప్రెస్సు 'మూడుకాళ్ల మేకపిల్ల' అని పలచటి పుస్తకం వేసింది. రాసింది అక్కడి బడి అయ్యవారొకరు. బొమ్మలు ఎవరు వేశారో అందులో లేదు. కుంటి మేకపిల్లను మందంతా ఎగతాళి చేస్తుంది, చివరికి అది వాటికన్నా ముందు గుట్టెక్కుతుంది. అంతే కథ.

మా వ్యాపారంలో దీనికింత పేరు రావడానికి కారణం చివరి బొమ్మ. రెండో ముద్రణలో మేకపిల్ల మూడు కాళ్లమీద బుద్ధిగా నిలబడి ఉంటుంది. మొదటి ముద్రణలో అదే బొమ్మ తలకిందులుగా, కాళ్లు పైకి పెట్టుకుని ఉంటుంది. ప్రెస్సులో అచ్చు పేర్చినవాడు బొమ్మ చెక్కిన బ్లాకును తిప్పి పెట్టేశాడని అందరూ చెప్పుకునేవాళ్లు. అచ్చుతప్పున్న ప్రతంటే దాచుకునేవాళ్లకు ఎక్కడలేని మోజు. "తలకిందుల మేకపిల్ల దొరికిందా?" అని డాక్టరుగారు నన్ను ఏళ్ల తరబడి పోరుపెట్టారు. దొరికితే మీకే ఇస్తానని మాటిచ్చాను.

పుంగనూరు పుస్తకం కాబట్టి పుంగనూరులోనే దొరకాలి కదా! తిరిగాను. దొరికాయి కూడా. కానీ తెరిచి చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది. ప్రతి ప్రతిలోనూ ఆ చివరి బొమ్మను చుట్టూ కత్తిరించి, తిప్పి, సన్నటి కాగితం పట్టీలతో మళ్లీ అంటించి ఉంది. ఒకటి కాదు రెండు కాదు, ఏ ఇంట్లో చూసినా ఇదే తంతు. ఊరంతా కూడబలుక్కుని చేసినట్టుంది.

చివరికి చంద్రకళమ్మ అనే ఆవిడ గుట్టు విప్పింది. ఆ ప్రతుల్లో ఒకటి ఆవిడదే.

"మా హెడ్‌మిస్ట్రెస్సమ్మ చేయించిందమ్మా. పుస్తకంలో తప్పుంటే ఆయమ్మ వూరుకుంటాదా? అందురూ కత్తెర్లు తెండి అనింది. బళ్లోనే మైదా బంక వుడకబెట్టినారు. బొమ్మ కోసి, తిప్పి అంటించేదాకా యెవురినీ ఇంటికి పంపల్యా."

"బొమ్మ సరిపోయింది. మరి వెనక పేజీ?" అన్నాను. బొమ్మ వెనక కథ చివరి మాటలున్నాయి. బొమ్మ తిరిగితే అవీ తిరుగుతాయి కదా.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అదే కదా! ఆఖరి పేజీ వొచ్చినాదంటే క్లాసు క్లాసంతా పుస్తకాలు తిప్పి పట్టుకునేది. ఆయమ్మ కూడా తిప్పే సదివేది. ఆ తప్పు యెవురిదని అడిగే ధైర్యం యెవురికుండాది?"

ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. ఆ పుస్తకాన్ని ఆవిడ నాకే ఇచ్చేసింది. అమ్ముడుపోదని తెలిసీ తెచ్చుకున్నాను.

బీరువాలో ప్రైజు

కత్తెర పడని ప్రతి నిమ్మనపల్లెలో దొరికింది. రెడ్డెప్ప అనే రైతు ఇల్లు. చిన్నప్పుడు పరుగుపందెంలో ఆయనకు ప్రైజుగా వచ్చిన పుస్తకం. మొదటి అట్ట నుంచి చివరి అట్టదాకా ఒక్క మడత లేదు. చివరి పేజీ తిప్పాను. మేకపిల్ల తలకిందులుగా ఉంది! గట్టిగా అరిచినట్టున్నాను, ఇంట్లోవాళ్లు పామేమోనని పరిగెత్తుకొచ్చారు.

"ఇంత కొత్తగా యెట్ల పెట్టుకున్నావన్నా?" అని అడిగాను.

"నేను పెట్టుకున్నానా? మా నాయన పెట్టినాడు," అన్నాడు రెడ్డెప్ప. "ప్రైజు పుస్తకం నలపకూడదని ఆ పొద్దే బీరువాలో పెట్టి బీగమేసినాడు. నాకు ముట్టుకునేదానికి గూడా ఇయ్యల్యా. అందులో కథేందో నాకు ఇప్పుటికీ తెలీదమ్మా."

ఇప్పుడైనా చదవమంటే ఇంకెందుకులే అన్నాడు. మన వృత్తిలో నలగని పుస్తకమంటే చాలాసార్లు ఇట్లాంటి కథే వెనకుంటుంది. ప్రైజు పుస్తకాలున్న ఇళ్లు కనుక్కోండి, మంచి ప్రతులు అక్కడే ఉంటాయి.

ప్రతిని డాక్టరుగారి కోసం పక్కన పెట్టాను. ఇంకొకటి ఎక్కడైనా ఉందేమోనన్న ఆశతో, బొమ్మ ఫోటో తీసి, 'తలకిందుల మేకపిల్ల పుస్తకం మీ ఇంట్లో ఉంటే చెప్పండి' అని రాసి నాకు తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాను.

కుప్పం నుంచి కోపం

మూడో రోజో నాలుగో రోజో కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. శైలజ అనే అమ్మాయి.

"అక్కా, మీరేనా ఆ మేకపిల్ల మెసేజి పెట్టింది? మా అత్త మీమింద శానా కోపంగా ఉండాది."

"నామీదా? యాలమ్మా?"

"అది తలకిందులు కాదంట. ఆ బొమ్మ ఆయమ్మే గీసిందంట. పొద్దున్నుంచీ మా చెవుల్లో పోరు."

వెనక నుంచి ముసలి గొంతు గట్టిగా వినిపిస్తోంది. "పుస్తకం తీసుకోని రమ్మను! ఫోన్లో యేం మాట్లాడేది?"

రెండు ప్రతులూ గుడ్డలో చుట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేదాకా నాకు నమ్మకం కుదరలేదు. ఈ పనిలో ఆ బొమ్మ మా తాత వేసిందే, ఈ కథ మా మామ రాసిందే అనేవాళ్లు ఊరికొకరు తగులుతారు.

శైలజ అత్తగారి పేరు కామాక్షమ్మ. బక్కపలచటి మనిషి. నన్ను కూర్చోమనకుండానే మొదలుపెట్టింది. ఆవిడ పుట్టిల్లు పుంగనూరు. ముగ్గులు బాగా వేసేదట. వాళ్లన్న సుబ్బన్న ఆ ప్రెస్సులో అచ్చు పేర్చేవాడు. బొమ్మలకు డబ్బు పెట్టలేక యజమాని తల పట్టుకుంటే, మా చెల్లెలు గీస్తుందని సుబ్బన్నే చెప్పాడు. ఆవిడ గీసింది, అన్న అచ్చువేశాడు, ఆవిడ పెళ్లయి కుప్పం వచ్చేసింది.

"ఆ బడి హెడ్‌మిస్ట్రెస్సు గలాటా చేసినాదంట. మాయన్న బొమ్మ తిప్పి పెట్టినాడని ప్రెస్సాయన పనిలోనించి తీసేసినాడు," అంది. "ఆ పొద్దునించీ వాడి పేరే తలకిందుల సుబ్బన్న అయిపాయె. పెండ్లికి పోయినా అదే పేరు, చావుకి పోయినా అదే పేరు. వాడు నవ్వుతా వుండేవాడు. పోయినాక గూడా అదే పేరుతో తలుచుకుంటాండారు. నువ్వు గూడా వూరూరికీ అదే రాసి పంపిస్తివి!"

ఫోన్ తీసి నా మెసేజి మళ్లీ చదువుకున్నాను.

"మా ఇంట్లో మాత్రం రెండో ముద్రణదే ఉండాదక్కా," అంది శైలజ మెల్లగా. "అందులో మేకపిల్ల బాగనే నిలబడుకోని ఉండాది. అందుకే మేమూ అత్తమ్మ మాట పట్టించుకోల్యా. మొదటిది మా ఆయన చిన్నప్పుడు చింపి పడవలు చేసినాడంట."

గుడ్డ విప్పి నిమ్మనపల్లె ప్రతి ముందు పెట్టాను. అవ్వ చివరి పేజీ తిప్పి, బొమ్మమీద వేలు ఆనించి అట్లాగే ఉండిపోయింది.

"తలకిందులుగానే ఉండాది కదత్తా?" అంది శైలజ.

"మేకపిల్లకి సంతోషమొస్తే యేం జేస్తాది? నిలబడుకుంటాదా?" అవ్వ గొంతు లేచింది. "యెల్లకిలా పడి గడ్డిలో పొర్లుతాది! మా ఇంట్లో మేక రోజూ పొర్లేది, దాన్ని సూసే గీసినా. కింద గడ్డి గూడా గీసినా. బ్లాకు సిన్నదని ప్రెస్సాయన గడ్డి తీసేయమనె. నువ్వు పేజీ తిప్పి సదువమ్మా, నీకు సదువొచ్చు కదా!"

ఆ మాట నాకే. పేజీ తిప్పాను. గుట్టెక్కిన మేకపిల్ల సంతోషం పట్టలేక పచ్చటి గడ్డిలో వెల్లకిలా పడి పొర్లిందని, మూడు కాళ్లూ పైకెత్తి ఆడించిందని అక్కడ కళ్లు పొడిచేంత పెద్ద అక్షరాల్లో ఉంది.

అమ్మాయిలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. హెడ్‌మిస్ట్రెస్సు, ప్రెస్సు యజమాని, బెంగుళూరు డాక్టరు, నేను, ఇంకా ఈ పుస్తకం కోసం కొట్టుకుచచ్చిన వ్యాపారులందరూ ఆ బొమ్మనే పట్టుకుని వేలాడాం. దాన్ని వెనక పేజీ మాటలతో ఒక్కరం కలిపి చూడలేదు. పుంగనూరు పిల్లలు మాత్రం ఆ మాటలు చదివారు, పాపం పుస్తకం తిప్పి పట్టుకుని. అరుగుమీద కూర్చుని చదివే నాగరాజప్ప చేతికి ఇది వచ్చి ఉంటే ఆ పూటే తేలిపోయేది.

"తప్పయిందవ్వా, ఇప్పుడే ఆ మెసేజి మారుస్తాను" అని అక్కడే అన్ని గ్రూపుల్లోనూ మార్చి రాశాను. ఆ ప్రతి ఆవిడ దగ్గరే ఉండాలనిపించింది. డాక్టరుగారితో ఏదో ఒకటి సర్దుకుందామనుకుని, "ఇది మీరే పెట్టుకోండి" అన్నాను.

అవ్వ పేజీలు తిప్పి చూసింది. "ఇంత తెల్లగా ఉండాదే! దీన్ని పిల్లోళ్లెవురూ సదవలేదా?"

రెడ్డెప్ప సంగతి చెప్పాను.

"అయ్యో, పాపం పిల్లోడు," అంటూ పుస్తకం నావైపు జరిపేసింది. "ఇది నాకొద్దు. యెవురికి మాటిచ్చినావో వాళ్లకే ఇచ్చుకో. ఆ ఇంగోటేంది?"

చంద్రకళమ్మ ప్రతి తీశాను. మూలలు అరిగి, అట్టంతా నూనె మరకలు. మేకకు ఎవరో ఎర్ర పెన్సిలుతో కమ్మలు పెట్టారు. అవ్వ ముఖం విప్పారింది. వంకర టింకరగా కత్తెర తిరిగిన చోట వేలుతో తడిమి, "ఇది సదివినారు" అంది. కోడలిచేత తడిగుడ్డ తెప్పించుకుంది.

"అవ్వా, అవ్వా! పాత కాగితం, నీళ్లు తగలకూడదు!"

"నా మేకపిల్ల. నా ఇష్టం."

ఇంతకాలం పుస్తకాలను తడి నుంచి కాపాడినదాన్ని, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మైదా బంక నాని, పట్టీలు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. అవ్వ బొమ్మను తిప్పి, తాను గీసినట్టే మళ్లీ అమర్చింది. శైలజ గంజి తెచ్చి అంచులకు రాసింది. వెనక అక్షరాలు కూడా సరైనాయి.

తెల్లటి ప్రతి డాక్టరుగారికే వెళ్లింది. అచ్చుతప్పు కాదని ముందే చెప్పాను. ఆయన తొడుగులు తీసేసి కథ మొదటి నుంచి చదివారు.

ఆ రోజు కుప్పంలో మాత్రం, గంజి ఆరేదాకా అవ్వ పుస్తకాన్ని ఒళ్లోంచి దించలేదు. ఆరాక కోడలికిచ్చి చివరి పేజీ పైకి చదవమంది. శైలజ చదివింది, పేజీ తిప్పి మేకపిల్లను చూసింది, మళ్లీ వెనక్కి తిప్పి ఇంకోసారి చదివింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సుబ్బన్న మామ సరిగ్గానే పెట్టినాడత్తా," అంది.

"మళ్లా సెప్పు," అంది అవ్వ.